ఒట్టి పళ్ళేనికే కదిలిన చెక్క

ఆ వయసులో దిగులు పడడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. నాకైతే అరచేతిలో పట్టే చెక్కముక్క ఒకటి చాలింది. దువ్వాడ దగ్గర ఒక కాలేజీలో డిప్లొమా మొదటి సంవత్సరం చదివే రోజులవి. మద్దిలపాలెం నుంచి రెండు బస్సులు మారి వెళ్ళేదాన్ని. అప్పటికే రెండు సబ్జెక్టులు పోయాయి. మూడోది కూడా పోతే మొదటి సంవత్సరంలోనే ఉండిపోవాలి. (మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. దాటాక ఏం చెయ్యాలో అడుగుదామంటే ముందు వెళ్ళినవాళ్ళెవరూ లేరు.)

ఫిజిక్స్ ల్యాబులో నా వంతుకు వచ్చిన ప్రయోగం ఘర్షణ. బల్ల మీద చెక్క పెడతారు. దానికి కట్టిన దారం బల్ల చివరున్న కప్పీ మీదుగా కిందికి దిగుతుంది, ఆ కొసకు చిన్న పళ్ళెం వేలాడుతుంది. పళ్ళెంలో ఒక్కొక్క తూకపురాయీ వేస్తూ పోవాలి. కూర్చున్న చెక్క కదలడానికి ఎంత బరువు పట్టిందో చూస్తే స్టాటిక్ ఫ్రిక్షన్ తెలుస్తుంది. కదిలిన చెక్క ఒకే వేగంతో జరుగుతూ ఉండడానికి ఎంత చాలుతుందో చూస్తే కైనెటిక్. మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ రావాలి. పుస్తకంలో ఇదంతా అర పేజీ, నా బతుకులో రెండు నెలలు. ఉప్పుగాలికి ఉబ్బిన ఆ కాలేజీ చెక్క ఒకరోజు జిగురు పెట్టి అతికించినట్టు కూర్చునేది, మర్నాడు పక్కనెవరో తుమ్మితే బయల్దేరేది. ఎన్నిసార్లు చేసినా నాకు రెండోదే ఎక్కువ వచ్చేది. “నీ లెక్క ప్రకారం బండిని కదిలించడం తేలిక, కదిలాక తోయడమే కష్టమమ్మా,” అన్నారు మా సారు. నా చదువు సంగతి అచ్చం అలాగే ఉంది సార్ అనబోయి ఊరుకున్నాను.

చివరికి సారు విసిగిపోయి, ఎవరి చెక్క వాళ్ళే చేయించుకురండి అన్నారు. మా నాన్న పోర్టులో కలాసీ. ఓడల్లోంచి దిగిన బరువులను గొలుసులూ కప్పీలూ వేసి జరిపే పని ఆయనది. నా కష్టం వినగానే, సరుకు కింద వేసే చెక్కలో పనికిరాని ముక్క ఒకటి అడిగి తెచ్చి, తనే చిత్రిక పట్టి, కొక్కెం బిగించాడు. బిగించాక నా ఎదురుగా కూర్చున్నాడు.

“అయితే ఏటమ్మా, ఈ సెక్క కదిలితే నువ్వు పాసా?”

“అంతే నాన్నా, కదలాలి,” అన్నాను. (అది తప్పని తెలుసు. కానీ ఓపిక లేదు.)

“కదలకపోతే?”

“ఇంట్లో కూర్చోడమే.”

నాన్న ఆ చెక్కను చేతిలోకి తీసుకుని, ఓడరేవు గట్టు మీద మొండికేసిన పెట్టెను చూసినట్టు చూశాడు.

పరీక్ష రోజున బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా బల్ల దగ్గరే ఆగారు. చెక్క పెట్టాను. దారం కట్టాను. పళ్ళెం తగిలించి తూకపురాళ్ళ పెట్టెలో చెయ్యి పెట్టేలోపే చెక్క సర్రున జారి వెళ్ళి కప్పీకి గుద్దుకుంది, పళ్ళెం నేల మీద ఖంగుమంది. గది మొత్తం ఇటు తిరిగింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ జారింది, ఈసారి మరింత హుషారుగా. ఎగ్జామినర్ చెక్కను తిరగేసి, వేలితో రాసి, వాసన చూశారు.

“మైనం. ఎవరు పూశారమ్మా?”

పొద్దున్న పెరట్లో నాన్న నాకు వీపు పెట్టి గొంతుక్కూర్చుని ఉండడం, చేతిలో కొవ్వొత్తి ముక్క, నన్ను చూసి చటుక్కున జేబులో వేసుకోవడం అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి.

“నేనే సార్.”

“ఎందుకు?”

“కదలాలని సార్.”

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. “ఘర్షణ కొలవమంటే ఘర్షణే లేకుండా చేసినదానివి నువ్వొక్కదానివేనమ్మా,” అని సున్నా వేశారు. రెండు నెలల ప్రయోగంలో నాకు వచ్చిన మొదటి నికరమైన విలువ అదే.

సాయంత్రం నాన్న వీధి మొగలోనే నిలబడి ఉన్నాడు.

“కదిలినాదా?”

“కదిలింది.”

“ఎన్ని రాళ్ళకి?”

“రాళ్ళే ఎయ్యలేదు నాన్నా. ఒట్టి పళ్ళేనికే.”

ఆయన మొహం వెలిగిపోయింది. అటునుంచి అటే టీకొట్టుకి వెళ్ళి, “మా గుంట ఒట్టి పళ్ళేనికే లాగిపడేసినాది బావా!” అని తోటి కలాసీకి చెప్పడం ఇంట్లోకి వినిపించింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. చదివి అలిసిపోయానని అమ్మ కోడిగుడ్డు కూర వండింది. (ఆ గుడ్డును గొంతులోంచి కదిలించడానికి పట్టిన బలం కొలిచి ఉంటే మంచి స్టాటిక్ ఫ్రిక్షన్ వచ్చేది.) ఫలితాలు వచ్చేదాకా మూడు వారాలు ఆయన అలా ఊరేగుతూనే ఉన్నాడు, నేను అలా కుంగుతూనే ఉన్నాను. తప్పానని తెలిశాక కూడా, “ఆ వచ్చినోడెవడో ఓర్సుకోలేకపోనాడు,” అని ఆయనే నన్ను ఓదార్చాడు.

సప్లిమెంటరీకి ముందురోజు నాన్న పనినుంచి బేగి వచ్చేశాడు. చేతిలో కొత్త కొవ్వొత్తి.

“ఈసారి రెండు పూతలు ఏసేద్దునా?”

అక్కడే కూలబడి ఏడ్చేశాను. ఏడుస్తూనే అంతా చెప్పేశాను. “కదిలించడం కాదు నాన్నా పరీక్ష. అడ్డుపడేది ఎంతుందో కొలవడం.”

నాన్న మెట్టు మీద కూర్చుండిపోయాడు. “దాన్ని తప్పించడానికి మేం జీతం తీసుకుంతన్నాం. మీరు దాన్ని కొలవడానికి సదువుతన్నారేటి?” అన్నాడు. కొవ్వొత్తిని పక్కన పెట్టి, “మరి మైనం ఎవరు రాసినారని సెప్పినావ్?” అని అడిగాడు.

“నేనే అని.”

ఆయన గరుకు కాగితం తెచ్చి, ఆ చెక్క అడుగు పొరంతా పోయేదాకా అరగదీస్తూ కూర్చున్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

మర్నాడు పని మానుకుని నాతోపాటు దువ్వాడ వచ్చాడు. నేను బయటికి వచ్చేదాకా గేటు దగ్గరే నిలబడ్డాడు. మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ, పుస్తకంలో ఉన్నట్టే వచ్చాయి. తిరుగు బస్సులో, “ఇంతకీ ఆ రెండూ ఏటమ్మా?” అని అడిగితే, స్టాటిక్ ఏమిటో కైనెటిక్ ఏమిటో మేష్టారిలా విడమరిచి చెప్పాను. నాన్న ఓపిగ్గా అంతా విన్నాడు.

“ఇంతేనేటి? పెట్టె కదిలేదాకానే ఎనిమిది మందిమి. కదిలినాక నలుగురు సాలు. నాను పోర్టుకొచ్చిన కాడినుంచీ అలగే తోత్తన్నాం కదా,” అని, కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు.

రెండు నెలలు నేను ఆ ఇంట్లోనే, ఆయన పక్కనే కూర్చుని, ఎవరికీ అర్థం కాని చదువు చదువుతున్నానని కుమిలిపోయాను. ఒక్కపూట కూడా ఆయన్ని అడగాలని తోచలేదు. ఆ పదహారేళ్ళ పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది. నవ్వు పూర్తయ్యేలోపు కాస్త సిగ్గూ వేస్తుంది.