అరగంట ఈ వైపు, అరగంట ఆ వైపు

మొన్న జగిత్యాలలో మా మనుమరాలు తన కాలేజీ పాఠం పైకి చదువుతూ, స్కాట్లండు కవి ఒకాయన పెద్దలు మెచ్చే ఇంగ్లీషును పక్కనబెట్టి ఇంటి మాటైన స్కాట్స్‌లోనే పద్యాలు కట్టాడనీ, వాటిని అక్కడివారు నేటికీ మాట మార్చకుండా పాడుకుంటారనీ చెప్పేసరికి, నాకు మా బావ పాటలు గుర్తొచ్చాయి.

మా బావ సిరిసిల్లలో సాంచె నడుపుతూ, ఆ మరమగ్గపు చప్పుడుకు సరిగ్గా మన మాటల్లోనే పాటలు అల్లేవాడు. పని లేక సాంచెలు ఆగిపోయిన రోజుల్లో దుబాయి వెళ్లాడు. రాయడం రాదు కనుక, సెలవు మీద కోరుట్ల చుట్టుపక్కల ఊళ్లకు వచ్చేవారి చేత, వైపుకు అరగంట నడిచే క్యాసెట్టు పంపేవాడు. విన్నాక దాని మీదే మన జవాబు నింపి తిరిగి పంపే ఆ ఆనవాయితీ మన తరం వారికి గుర్తుండే ఉంటుంది. టేప్‌రికార్డరు మా ఇంట్లో ఉండేది కనుక అక్క బస్సెక్కి వచ్చేది. క్షేమసమాచారాలయ్యాక బావ కొత్త పాట పాడి, "బామ్మర్దీ, సదువుకున్నోనివి, గిది ఉన్నదున్నట్టు రాసిపెట్టు" అనేవాడు.

ఆఫీసులో లెక్కలు చూసే నేను, క్యాసెట్టు వచ్చిన తేదీ, తెచ్చినవారి ఊరు, నడిచిన నిమిషాలు నోటుబుక్కులో తప్పులేకుండా రాశాను. ఆ మాటలు కాగితానికెక్కే భాష అని మాత్రం తోచక, ఒక్క పాటా రాయలేదు. అక్క జవాబు కోసం ప్రతిసారీ రికార్డు చేసే ఎర్ర మీట నొక్కింది నా వేలే.

ఆరేళ్లకు తిరిగి వచ్చిన బావ, కాళ్లు కడుక్కోకముందే అడిగాడు: "నా పాటలు ఏడ ఉన్నయ్ బామ్మర్దీ?"

నోటుబుక్కు తెరిచి ముందుంచాను. పదిహేడు క్యాసెట్లు, పదిహేడు తేదీలు. అక్క చదివి వినిపిస్తుంటే చివరిదాకా విన్నాడు.

"మంచిగున్నయ్. ఇగ గీ తారీఖులకు రాగం కట్టి పాడు, నేను ఇంట."

పరాచికమనుకుని నవ్వాను, అక్క నవ్వలేదు. బావ కళ్లు మూసుకుని ఒక పాట అందుకోబోయి, రెండో పాదం దగ్గర ఆగిపోయాడు. రాసిపెట్టే మనిషి ఉన్నాడన్న ధీమాతో, పాడి పంపినదాన్ని పంపినట్టే మరిచాడట. ఎర్ర మీట నొక్కిన ప్రతిసారీ నా వేలు ఒక పాటను చెరిపేసిందని అప్పుడు తెలిసింది. ఆయన మళ్లీ పాట కట్టలేదు.

ఈనాడు మనుమరాలి ఫోనులో నా దగ్గు కూడా భద్రంగా ఉంది. బావ పోయాడు. అక్క నోట ఒక్క పాదం మిగిలింది: "అడుగెనుక అడుగు ఇసుక మింగవట్టె..." ఆపై ఏముందో ఆమెకూ గుర్తు లేదు. ఆ క్యాసెట్టు వచ్చిన తేదీ మాత్రం నా దగ్గర ఉంది.