శుక్రవారం నాగా

ఎనిమిది మంది ఆడవాళ్లను నేను ఒక్క పుస్తకంతో పోగొట్టుకున్నాను. వాళ్లతో తగువు పడింది లేదు. వాళ్లు నన్ను ఒక్క మాట అన్నదీ లేదు. అనుంటే బాగుండేది, ఎదురు చెప్పడానికైనా ఒక మనిషి మిగిలేది.

నేను కరీంనగర్ దాన్ని. మంచాన పడ్డవాళ్లకు ఇంటికే వెళ్లి సేవ చేసే చిన్న సంస్థ ఒకటి నన్ను బెల్లంపల్లికి పంపింది. ఉద్యోగానికి పెట్టిన పేరు గొప్పగానే ఉంటుంది, విషయం మాత్రం ఇంతే: ఊరికే పని చేసేవాళ్ల చేత పని చేయించడం. ఆ ఊళ్లో ఈ పనికి జీతం తీసుకునేదాన్ని నేనొక్కదాన్నే. అందులోని ఎబ్బెట్టు నాకు అప్పట్లో తట్టలేదు.

నిజానికి ఆ ఎనిమిది మంది నాకంటే ముందునుంచే ఉన్నారు. అందరూ బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయినవాళ్ల ఇల్లాళ్లు. తమలో ఒకామెకు పక్షవాతం వస్తే కడదాకా చూసుకున్నారు. ఆమె పోయింది, అలవాటు పోలేదు. పక్క వాడలో ఇంకొకరు, రైలు గేటు అవతల మరొకరు అంటూ పది పన్నెండు ఇళ్లు చేరాయి. మా సంస్థ ఆ తరువాత వచ్చింది, దూది, గాజుగుడ్డ, నీళ్ల పరుపులు పట్టుకుని. వాటితోపాటు నేను.

పొద్దున ఇంటి పనులు కాగానే వాళ్లు చర్చి వసారాలో కూడేవారు. వాళ్లలో పెద్దామె ఆ చర్చి సంఘంలోనే పుట్టి పెరిగిన మనిషి. మిగతావాళ్లు బోనం ఎత్తేవాళ్లు, బతుకమ్మ ఆడేవాళ్లు. ఆ తేడా అక్కడ ఎవరికీ పట్టేది కాదు. పెద్దామె ఎవరికీ పని చెప్పేది కాదు. "గేటు కాడి ముసలామె రాత్రంత మూలిగిందట" అనేది, ఆకు వక్క నములుతూ. ఎవరో ఒకరు లేచి కొంగు దోపుకునేవారు. అంతే. ఒక్కోరోజు ఒకే ఇంటికి ముగ్గురు పోయేవారు, ఇంకో ఇంటికి సాయంత్రం దాకా ఎవరూ పోయేవారు కాదు. చీకటి పడేలోపల మాత్రం ఎవరికో ఒకరికి గుర్తొచ్చేది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నాకు అదంతా గందరగోళంగా కనబడింది. వారం తిరక్కుండానే ఎర్ర అట్ట పుస్తకం కొని గళ్లు గీశాను. ఏ ఇంటికి ఏ రోజు ఎవరు, ఎన్ని గంటలకు పోవాలి, ఎన్ని గంటలకు రావాలి, ఎదురుగా సంతకం. దాన్ని చూసి వాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు.

"మస్టర్ వట్టుకొచ్చింది మేడం," అంది ఒకామె.

బాయిలో హాజరును మస్టర్ అంటారు. రాని రోజు నాగా. నాగా పెట్టినవాని జాగాలో పై అధికారి బదిలీ మనిషిని పంపుతాడు. ఆ ఊళ్లో రెండు తరాల సంసారాలు ఈ మాటల మీద నడిచాయి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి, ఇంకేం, వీళ్లకు అలవాటైన పద్ధతే కదా అని సంతోషపడ్డాను.

పెద్దామె మాత్రం సంతకం పెట్టలేదు. పుస్తకం ఆమె ముందుకు జరిపితే పక్కామె ముందుకు జరిపేది. పది రోజులు చూసి ఒకనాడు అందరి ఎదుటే అన్నాను: "మీరే పెట్టకుంటే మిగిలినోళ్లకు నేనేం జెప్పాలె పెద్దమ్మా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు, అన్నం పెట్టిన ఇంటి పేరు మరిచిపోయినవాళ్లను చూసినట్టు. కలం తీసుకుని పుస్తకం మీద మెల్లగా పెట్టింది, సంతకం చేయలేదు. మరునాటి నుంచి వసారాకు రాలేదు.

నాలుగు రోజులకు వస్తుందిలే అనుకున్నాను. పుస్తకం ముచ్చటగా నిండుతోంది. రాయడం రానివాళ్లు కూడా పట్టుబట్టి పేరు రాయడం నేర్చుకున్నారు. సరిగ్గా పది గంటలకు పోయి పదకొండింటికి తిరిగి వచ్చేవారు. "మస్టరయిపాయె, పోతున్న మేడం," అని ఇంటిదారి పట్టేవారు. ఇదివరకు మధ్యాహ్నం దాకా కూర్చుని రోగి తల దువ్వి, చారు కాచి వచ్చినవాళ్లే. పుస్తకం ఫోటో తీసి కరీంనగర్ పంపితే మెచ్చుకున్నారు. ఇతర ఊళ్లవాళ్లకు వచ్చి చూపించమన్నారు.

నేను కరీంనగర్ మీటింగులో నిలబడి ఆ పుస్తకం గురించి చెబుతున్నది ఒక శుక్రవారం నాడు.

మేం చూసే ఇళ్లలో ఒకామెకు నా ఈడే ఉంటుంది. పత్తి ఏరడానికి పోయి వస్తూ ట్రాక్టర్ మీద నుంచి పడింది. నడుము కింద స్పర్శ లేదు. భర్త ఆటో నడుపుతాడు, తెల్లారి పోతే చీకటి పడ్డాకే రావడం. ఆమె ఇంటికి రోజుకొకరు చొప్పున గళ్లు గీశాను. ఆ శుక్రవారం పోవలసినామెకు కాగజ్‌నగర్‌లో చుట్టాల ఇంట్లో పెండ్లి. ఆమె ఎగ్గొట్టి పోలేదు. ముందురోజే పుస్తకం తీసి, తన గడిలో, కొత్తగా నేర్చిన అక్షరాలతో 'నాగా' అని పొందికగా రాసి పోయింది. నేను అప్పటికే కరీంనగర్ బస్సెక్కాను. మిగతావాళ్లంతా దాన్ని చూశారు. చూసి, తమ తమ గళ్లలో సంతకాలు పెట్టి, తమ తమ ఇళ్లకు పోయి వచ్చారు.

మంచంలో ఉన్నామె పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా తడిలోనే పడి ఉంది. వీపు కింద మానుతున్న పుండు మళ్లీ విచ్చుకుంది.

శనివారం నేను వసారాలో అరిచాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది కానీ అరిచాను. ఆ ఇంటి ముందు నుంచే కదా మీరు నడిచిపోయింది, ఒక్కరికీ కాలాడలేదా అన్నాను. వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లకు నిజంగానే అర్థం కాలేదు.

"నాగా రాసి ఉండె గద మేడం," అంది ఒకామె నెమ్మదిగా. "బదిలీ మనిషిని మీరు తోలిండ్రనుకున్నం."

మస్టర్ పెట్టింది నేను. మస్టర్ ఉన్నచోట ఎలా మసలుకోవాలో వాళ్లకు నాకంటే బాగా తెలుసు. వాళ్లు ఏ తప్పూ చేయలేదు.

ఆ సాయంత్రం పెద్దామె ఇంటికి పోయాను. చాయ పోసింది. పాత క్వార్టర్ గోడకు పెచ్చులూడుతున్నాయని, మోకాళ్లకు తైలం మార్చానని చెప్పింది. రమ్మని అడిగాను, తప్పు నాదే అన్నాను. ఆమె ఆకు తీసి సున్నం రాసింది.

"మా ఆయన ముప్ఫై ఏండ్లు మస్టర్ మీద బతికిండు బిడ్డా. ఒక్క దినం గూడ బాయికి పోబుద్దయి పోలే. నాకు పోబుద్దయి పోయే జాగ గిదొక్కటే ఉండె."

"పుస్తకం తీసేస్త పెద్దమ్మా."

"తియ్యి," అంది. వస్తానని మాత్రం అనలేదు.

పుస్తకం తీసి బీరువాలో పడేశాను. సోమవారం వసారాలో కూర్చుని, ఇక మీ ఇష్టం, వెనకటి లెక్కనే పోండి అన్నాను. ఎవరూ లేవలేదు. "ఇయ్యాల ఎవలు పోవాలె? మీరే చెప్పుర్రి మేడం," అన్నారు. పెద్దామెలాగా అనడానికి నేనూ ప్రయత్నించాను. ఫలానా ఆయనకు రాత్రి దగ్గు ఎక్కువైందట అన్నాను. ఎవరి పేరు చెబుతానా అని ఏడు ముఖాలూ నన్నే చూస్తున్నాయి. చివరికి పేర్లు చెప్పాను. లేచి పోయారు.

ఆ తరువాత ఒక్కరొక్కరే తగ్గారు. ఒకామెకు మోకాళ్లు, ఒకామెకు కోడలి పురుడు, ఒకామెకు బడిలో వంట పని. అన్నీ నిజాలే, అన్నీ మర్యాదగా వచ్చి చెప్పినవే. వాన కాలం ముగిసేసరికి వసారాలో చాప మీద నేనొక్కదాన్నే కూర్చునేదాన్ని. బజారులో ఎదురైతే "తిన్నరా మేడం?" అని అందరూ అడిగేవారు. గదికి పోయి ఒక్కదానికి కూర వండితే రెండు పూటలు వచ్చేది. నాకు ఒంటరిగా అనిపించేది, దాచడం దేనికి. కరీంనగర్ నుంచి ఫోన్ వచ్చినా రిపోర్టు గురించే.

సంచి భుజానికి వేసుకుని ఇళ్లన్నీ నేనే తిరగడం మొదలుపెట్టాను. తిరిగాకే తెలిసింది, పెద్దామె తనకు పోబుద్దయిన ఇళ్లకు పోవడం మానలేదని. నేను పోయేసరికి కొన్ని ఇళ్లలో పక్కబట్టలు మారి ఉండేవి. రోగులు పెదవి విప్పేవారు కాదు. నాకు చెబితే ఆమెనూ ఏదో గడిలో పెడతానని భయమేమో.

ట్రాక్టర్ మీద నుంచి పడ్డామె దగ్గరికి పోవడానికి మాత్రం నాకు చాలా రోజులు పట్టింది. పోయినప్పుడు ఆమె మామూలుగానే పలకరించింది. పక్కకు తిప్పి పుండు కడిగాను. రూపాయి బిళ్లంత ఉన్నది అరచేయంత అయింది. వీలైనంత మెల్లగా తుడిచాను. ఆమెకు ఎలాగూ తెలియదు, ఆ చోట స్పర్శ లేదు.

గోడ అవతల పక్కింటామె ఎవరినో కేకలేస్తోంది. ప్రతి మాటా ఇక్కడికి వినబడుతోంది. చాలా రోజులుగా లోపల మెదులుతున్న ప్రశ్న అప్పుడు అడిగాను.

"ఆనాడు గోడ మీదికెల్లి గామెను ఒక్క కేకేస్తే వస్తుండె గద, ఎందుకు పిలవలే?"

ఆమె గోడవైపే చూస్తూ చెప్పింది. నిష్ఠూరం ఏమీ లేదు, అడిగినదానికి జవాబు, అంతే.

"ఎనకట ఎవలు కనబడ్డా పిల్సుకునేదాన్ని మేడం. సిగ్గు లేకుంటుండె. పది గంటలకు మనిషొస్తదని మీరే చెప్తిరి గద. మనిషొచ్చేది ఉండంగ ఇంకొకలను పరేషాన్ చేసుడెందుకని, తొవ్వ చూసుకుంట పండుకున్న."

నేను గిన్నెలో నీళ్లు పారబోసి వచ్చాను. పొడి బట్ట పరిచి, ఆమెను వెల్లకిలా తిప్పి, దుప్పటి కప్పాను. సంచి తీసుకుంటుంటే అడిగింది.

"మల్ల ఎప్పుడొస్తరు మేడం?"

రేపు వస్తానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.