హేజిల్‌బర్న్ బస్టాపులో రాతి మనిషి

ఈ ప్రయాణం మా ఇంటి పెరట్లో మొదలైంది. మిల్టన్ కీన్స్‌లో మేం అద్దెకుంటున్న ఇంటి వెనక కాస్త మేర నల్లబండలు పరిచి ఉంటాయి. 2016 ఏప్రిల్‌లో ఒక ఆదివారం, నాతో పాటు ఆఫీసులో పనిచేసే ఐనూర్ తన తండ్రిని తీసుకుని భోజనానికి వచ్చింది. వాళ్ళది కజకిస్తాన్. ఆయన పేరు సెరిక్, వయసు డెబ్బై ఆరు, వాళ్ళ దేశంలో కూడళ్ళలో నిలబెట్టే భారీ విగ్రహాలు చేసిన శిల్పి. నేను పులిహోర వడ్డిస్తుంటే ఆయన ప్లేటు పక్కన పెట్టి పెరట్లోకి వెళ్ళారు. గొంతుక్కూర్చుని, జేబులోంచి తాళంచెవి తీసి బండ మీద గీత గీసి, వేలితో తడిచేసి చూశారు. అద్దె ఇంటి బండ గీకినందుకు ఐనూర్ సిగ్గుతో చచ్చిపోయింది. ఆయనకదేం పట్టలేదు. "ఈ రాయి ఎక్కడిది?" అని కూతురి చేత అడిగించారు. అది కడప బండ. మా నాయన ఎర్రగుంట్ల దగ్గర ఇరవై ఏళ్ళు అదే రాయికి పాలిష్ పట్టించాడు. ఆ సంగతి చెప్పగానే ఆయన నన్ను కొత్తగా చూశారు. అప్పటిదాకా కూతురి స్నేహితురాల్ని, ఇక మీదట రాయి తెలిసిన మనిషిని.

టీ తాగుతూ అసలు విషయం చెప్పారు. ఆయన రెండు కళ్ళలోనూ నడిమి చూపు పోతోంది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనబడదు, పక్కనున్న గోడ కనబడుతుంది. అందుకే మాట్లాడేటప్పుడు తల కొంచెం పక్కకు తిప్పి చూస్తారు. అదీ ఎక్కువ కాలం ఉండదని డాక్టర్లు చెప్పారట. చాలా ఏళ్ళ కిందట స్కాట్లాండ్‌లో దేశదేశాల శిల్పులను పిలిచి ఆరు వారాల శిబిరం పెడితే, ఆయన వచ్చి ఒక గ్రానైట్ మనిషిని చెక్కి వెళ్ళారు. మళ్ళీ చూడలేదు. చూపు ఉండగానే ఒక్కసారి దాన్ని చూడాలి. ఐనూర్ ఒక్కతే ఆయన్ని అంత దూరం తీసుకెళ్ళడానికి జంకుతోంది. నేనొస్తానన్నాను.

మా ఆయన నమ్మలేదు. "రెండు దినాలు లీవు పెట్టి రాయిని చూసేదానికి పోతాండావా? మన ఊర్లో లేవా రాళ్ళు?" అన్నాడు. మన ఊరి రాళ్ళు చెక్కినాయన మనింటికి భోజనానికి వచ్చాడా అని అడిగాను.

మే నెలలో ఒక గురువారం పొద్దున ఏడింటికి మిల్టన్ కీన్స్‌లో రైలెక్కాం. నెలన్నర ముందే బుక్ చేసుకోవడంతో మనిషికి నలభై పౌండ్ల లోపే పడింది, అప్పటికప్పుడు కొంటే ఇది రెండింతలు దాటుతుంది. మధ్యలో ప్రెస్టన్‌లో ఒకసారి మారాలి. ఎడిన్‌బర్గ్ చేరేసరికి పన్నెండు దాటింది. ఆ ఐదు గంటలూ సెరిక్ అంకుల్ కథ చెప్పారు, ఐనూర్ ఇంగ్లీషులోకి మార్చింది, నేను పెరుగన్నం డబ్బాలు తెరిచాను. ఆయన తండ్రి గొర్రెల కాపరి. గొర్రెలు నాకడానికి పెట్టే ఉప్పురాళ్ళ మీద ఈయన చిన్నప్పుడు మేకుతో ముఖాలు చెక్కేవారట. సాయంత్రానికి గొర్రెలు ముక్కు నాకేసేవి, మర్నాటికి ముఖమే ఉండేది కాదు. "నా మొదటి విమర్శకులు" అన్నారు. తరవాత అల్మాటీలో చదువు, ఆ పైన పాతికేళ్ళు నాయకుల విగ్రహాలు.

నేను అడిగిన ప్రశ్నలకు లెక్క లేదు. ఎత్తు మీద నిలబెట్టే విగ్రహానికి తల కావాలని పెద్దది చేస్తారని అప్పుడే తెలిసింది. కింద నుంచి చూసేవాడికి తల చిన్నదైపోతుంది కాబట్టి అలా చేస్తారు. అదే తలను షెడ్డులో నేల మీద చూస్తే రాక్షసుడిలా ఉంటుందట. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన అది చూసి భయపడితే, ఆయన్ని నేల మీద పడుకోబెట్టి చూపించారట. దేశంలో పాలన మారాక ఆ నాయకులందరినీ క్రేన్లు పెట్టి దించేశారు. అవే దిమ్మెల మీదికి గుర్రాలెక్కిన పాతకాలపు వీరులు కావాలన్నారు. అవీ ఈయనే చేశారు. "మనుషులు మారారు. కాగితం మారలేదు" అన్నారు. ఏం కాగితం అని అడిగాను. ప్రతి విగ్రహానికీ పైనుంచి ఒక కాగితం వచ్చేది, అది ఎటు చూడాలో అందులో ఉండేది. స్టేషన్ వైపు, ఆఫీసు వైపు, కవాతు జరిగే దారి వైపు. జీవితం మొత్తంలో ఎటు చూడాలో ఆయన సొంతంగా నిర్ణయించుకున్నది స్కాట్లాండ్ రాయి ఒక్కదానికే. వాళ్ళ మైదానాల్లో ఎప్పటివో రాతి మనుషులు ఉంటారు, రెండు చేతులా పొట్ట దగ్గర గిన్నె పట్టుకుని తూర్పుకు తిరిగి నిలబడతారు. ఈయన కూడా అలాగే చెక్కి, సూర్యుడు కొండ మీద ఎక్కడ పొడుస్తాడో మూడు రోజులు చూసి, అటు తిప్పి నాటారు. రోడ్డుకు వీపు వచ్చినా పట్టించుకోలేదు.

ఎడిన్‌బర్గ్ నుంచి పీబుల్స్‌కి బస్సులో గంట ప్రయాణం. పైఅంతస్తులో ముందు సీటు దొరికితే కొండలు బాగా కనిపిస్తాయి. పీబుల్స్‌లో ఇంకో చిన్న బస్సు మారాలి, అది రెండు గంటలకొకటి. ఆ డ్రైవరుకు హేజిల్‌బర్న్ అని చెప్పగానే "గిన్నె తాత స్టాపా?" అన్నాడు. అదేమిటని అడిగితే, "స్టాపు పక్కనే ఉంటాడులెండి, మీరే చూస్తారు" అన్నాడు. ఐనూర్ ఆ మాట తండ్రికి చెప్పింది. రాయి ఇంకా ఉందన్నమాట. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

మూడున్నరకు దిగాం. ఆకాశమంతా ముసురు పట్టి ఉంది. బస్సు కదలగానే రోడ్డవతల గడ్డిలో గ్రానైట్ మనిషి, మనిషి కంటే కాస్త పొడవు, పొట్ట దగ్గర గిన్నె. నిండుగా మమ్మల్నే చూస్తున్నాడు. నేను ముచ్చటపడుతుంటే ఐనూర్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "మనకు వీపు కనబడాలి" అని గొణిగింది. నిజమే. రాయిని ఎవరో తిప్పేశారు. "ఆయనకు చెప్పకు. ఈ చూపుతో కనిపెట్టలేరు. ప్లీజ్" అంది. నేను తలాడించాను.

ఆయన వెళ్ళి రాయి మీద చేతులు వేశారు. గిన్నె అంచు, వేళ్ళు, ఛాతీ తడిమారు, చుట్టూ తిరిగి మెడ తడిమారు. చాలాసేపు పట్టింది. మళ్ళీ ముందుకొచ్చి వాళ్ళ భాషలో ఏదో అడిగారు. తూర్పు ఎటని అడిగారని నాకు తరవాత తెలిసింది. ఐనూర్ రాయి చూస్తున్న వైపే చెయ్యి చూపించింది. ఆయన సరేనన్నారు.

ఆ రాత్రికి బస స్టాపుకి వంద గజాల్లోనే. మార్గరెట్ అనే ఆవిడ తన ఇంట్లో రెండు గదులు అద్దెకిస్తుంది, గదికి అరవై పౌండ్లు, పొద్దున టిఫిన్‌తో కలిపి. శాకాహారమని ముందే ఫోన్ చేసి చెప్పడంతో బార్లీ సూప్, బంగాళాదుంపల రొట్టె చేసి పెట్టింది. ఉప్పు కారం మనమే చూసుకోవాలి. వడ్డిస్తూ రాయి సంగతి తనే ఎత్తింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని కొంచెం వెనక్కి జరపాల్సి వచ్చిందట. "ఎటూ కదిలిస్తున్నాం కదా, బస్సు కోసం నిలబడే వాళ్ళకి వీపు పెట్టడమెందుకని మా వైపు తిప్పించాం. చేతులెత్తి ఓటేశాం కూడా. నేను తిప్పమనే వేశాను." సెరిక్ అంకుల్‌కు ఇంగ్లీషు రాదు. ఏమంటోందని కూతుర్ని అడిగారు. సూప్ గురించి అని చెప్పింది ఐనూర్. ఇద్దరి మధ్యా కూర్చుని నేను సూప్‌లో బార్లీ గింజలు లెక్కపెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున ఏడింటికి ఎండ ఫెళ్ళున కాసింది. ఆయన గదిలో లేరు. ఐనూర్, నేను పరుగెత్తాం. ఆయన రాయి వెనక నిలబడి ఉన్నారు. ఎండంతా రాతి వీపు మీద పడుతోంది. మమ్మల్ని చూసి నవ్వి, ఐనూర్‌తో ఏదో అన్నారు. తను ఏడుపు మొదలుపెట్టింది. ఆయనకు నిన్ననే తెలుసట. వీపు రోడ్డు వైపు ఉన్నన్నాళ్ళూ దుమ్ము, బండ్ల పొగ పట్టి గరుకెక్కింది, ఇప్పుడు రోడ్డు వైపున్న ఛాతీ మాత్రం ఆనాడు అరగదీసినంత నున్నగా ఉంది. చేతికి తెలిసిపోయింది. "అబద్ధం బాగానే చెప్పావు. నేను కూడా అధికారులకు అలాగే చెప్పేవాణ్ణి" అన్నారట.

అప్పటికి మార్గరెట్ కూడా వచ్చింది. ఆయనెవరో ఐనూర్ చెప్పగానే పాపం ఆవిడ ముఖం పాలిపోయింది. "ఒక్కమాట మాతో అనుంటే! పక్క పొలంలో నా తమ్ముడికి ట్రాక్టరుంది, గొలుసులున్నాయి. మధ్యాహ్నానికి తిప్పించేస్తాను, ఓటూ గీటూ అక్కర్లేదు" అంది. ఆయన ఇందుకేగా ఇంత దూరం వచ్చింది, సరేనంటారనే అనుకున్నాను. ఐనూర్ తర్జుమా చేశాక ఆయన రాయి ముందుకొచ్చి, తల పక్కకు పెట్టి, కంటి అంచుల్లోంచి దాన్ని చూస్తూ నిలబడ్డారు.

ఎనిమిదిన్నర బస్సుకి ఒకావిడ వచ్చింది. ఎనభై ఏళ్ళుంటాయి, చేతిలో సంచి, అందులో మడతపెట్టిన మగవాళ్ళ పైజమాలు. అవతలి నుంచి రోడ్డు దాటొచ్చి, గిన్నె అడుగున అరచేత్తో తట్టి, "గుడ్ మార్నింగ్" అని రాతికి చెప్పి, తిరిగి వెళ్ళి స్టాపులో బెంచీ మీద కూర్చుంది. ఆవిడ భర్త పీబుల్స్‌లో కేర్ హోమ్‌లో ఉన్నాడని, ఆయన ఆవిణ్ణి గుర్తుపట్టడం మానేశాడని, రోజూ ఇదే బస్సుకి వెళుతుందని మార్గరెట్ నాకు మెల్లగా చెప్పింది. కాసేపటికి ఆవిడ బెంచీ మీంచి పిలిచింది. "ఏమనుకోకండి, కాస్త పక్కకు జరుగుతారా? ఆయన కనబడటం లేదు."

ఐనూర్ ఆ మాట తర్జుమా చేసింది. సెరిక్ అంకుల్ గభాలున పక్కకు జరిగారు, దొరికిపోయిన దొంగలా. బస్సు వచ్చి ఆవిణ్ణి ఎక్కించుకుని వెళ్ళేదాకా టోపీ చేతిలో పట్టుకుని అలాగే ఉన్నారు. తరవాత మార్గరెట్ వైపు తిరిగి, ట్రాక్టరు వద్దన్నారు. "నేను చేసిన విగ్రహాల్లో దేనికీ ఎవరూ గుడ్ మార్నింగ్ చెప్పలేదు. అటు సూర్యుడు ఎలాగూ వస్తాడు. ఇటు ఈవిడకు ఎదురుగా ఎవరో ఒకరుండాలి" అన్నారు. ఐనూర్ చెబుతుంటే మార్గరెట్, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

ఇది రాస్తున్నది 2018లో. సెరిక్ అంకుల్ అల్మాటీలో ఉన్నారు, చూపు దాదాపు పోయింది. ఆ రోజు ఆయన ఓడిపోయారా, గెలిచారా అని నేను చాలాసార్లు ఆలోచించాను. బతుకంతా ఒక్క రాయిని తన ఇష్టప్రకారం నిలబెట్టిన మనిషి, దాన్ని కూడా తిప్పేశారని తెలిశాక బాధపడలేదంటే నేను నమ్మను. రైల్లో తిరిగొచ్చేటప్పుడు కార్లైల్ దాకా కిటికీ వైపే ముఖం పెట్టుకుని ఉన్నారు. కానీ ఈసారి తిప్పమన్న కాగితం పైనుంచి రాలేదు. చలిలో బస్సు కోసం నిలబడే నలుగురు చేతులెత్తి అడిగారు, ఆయన ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోవడం మాత్రం పూర్తిగా ఆయన సొంతం.

వెళ్ళాలనుకునే వాళ్ళకు ఒక్క సూచన. పీబుల్స్ నుంచి పొద్దున మొదటి బస్సు పట్టుకుంటే ఎనిమిదింటికల్లా దిగుతారు, రాయి వెనక నుంచి వచ్చే వెలుతురు బాగుంటుంది. రాయి ముందు నిలబడి తీసుకోండి, ఎన్నయినా తీసుకోండి. కాకపోతే ముందు ఒకసారి వెనక్కి తిరిగి, బెంచీ మీద ఎవరైనా కూర్చున్నారేమో చూడండి.