చీకటి అడిగిన మేనల్లుడు

పోయిన శుక్రవారం పెన్షన్ కాగితాల పనిమీద కొత్తకోట వెళ్ళి, తిరుగు బస్సులో కూర్చున్నాను. పక్క సీటులో ఉన్న పట్నం ఆవిడ నా మాటల్లో ఊరి పేరు విని, ఫోనులో ఒక పాత ఫోటో వెతికి చూపించి, మీ ఊళ్ళోనేనట కదా, సాయంత్రం పూట సైకిళ్ళ మీద తీసుకెళ్ళి, పుట్టి పడవ ఎక్కించి, మిణుగురు పురుగులు చూపిస్తారట, ఇప్పుడు కూడా ఉందా అని అడిగింది. లేదమ్మా, ఆపేశారు అన్నాను. ఎందుకని అడిగితే, జనం రాక అన్నాను. ఆవిడ ఫోను సంచీలో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను మాత్రం ఊరొచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాను. ఎందుకంటే నేను చెప్పింది అబద్ధం. జనం బాగానే వచ్చేవారు.

ముప్పైనాలుగేళ్ళు లైన్‌మన్‌గా పనిచేసినవాణ్ణి. నా ఈడువాళ్ళకు తెలుసు, ఆ రోజుల్లో లైన్‌మన్ అంటే ఊరికి సగం దేవుడు, సగం దొంగ. కరెంటు వస్తే ఎవరూ తలచుకునేవారు కాదు, పోతే మాత్రం పొలం గట్ల మీది నుంచి నా తాత ముత్తాతలను తలచుకునేవారు. తెలంగాణ వచ్చిన నాలుగేళ్ళకు పొలాలకు రాత్రింబవళ్ళు కరెంటు ఇవ్వడం మొదలయ్యాక ఆ తిట్లు తగ్గాయి. నేను కూడా ఇక రెండేళ్ళు గడిస్తే చాలు, మచ్చ లేకుండా దిగిపోతాను అని రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

సరిగ్గా అప్పుడే మా అక్క కొడుకు పట్నం నుంచి తిరిగొచ్చాడు. బావ పోయాక అక్క వాణ్ణి ఒంటిచేత్తో పెంచింది. పట్నం వెళ్ళకముందు ఒక ఏడాది నాతోపాటే కాంట్రాక్టు కింద స్తంభాల పని చేశాడు. ఏ స్విచ్ పిడి ఎటు లాగితే ఏ లైను ఆగుతుందో, ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆయిల్ చెడితే వాసన ఎలా మారుతుందో, అన్నీ నా దగ్గరే నేర్చుకున్నాడు. పట్నంలో ఏదో టూర్ల కంపెనీలో పనిచేసి, ఆ విద్యే ఊళ్ళో చేస్తానని పదిహేను సైకిళ్ళు కొనుక్కొచ్చాడు. మా చెరువు నడుమ తుమ్మ చెట్ల దిబ్బ ఒకటి ఉంది. మిరుగు కార్తెలో తొలకరి పడ్డాక ఓ నెలరోజులు ఆ దిబ్బ మీద మిణుగురులు కమ్ముకుంటాయి. మాకది చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే, చూడదగ్గ వింత అని ఎవరికీ తోచలేదు. శనివారం సాయంత్రం హైవే దగ్గర బస్సు దిగినవాళ్ళను సైకిళ్ళెక్కించి, కాలువ గట్టు వెంట కట్టదాకా తీసుకొచ్చి, అక్కణ్ణుంచి చేపలు పట్టే ముసలాయన పుట్టిలో దిబ్బకు చేర్చడం వాడి ఏర్పాటు.

ఊరు నవ్వింది. పురుగులను చూడ్డానికి పైసలిచ్చి వస్తారా అన్నారు. తర్వాత నవ్వు పోయి అనుమానం వచ్చింది. చెరువు కొలవడానికి వస్తున్నారని కొందరు, దిబ్బ మీద పాత గుడి రాళ్ళున్నాయి కదా, లంకెబిందెల కోసం తవ్వుతారని కొందరు. ఆ మాటలన్నీ నేను కొట్టిపారేశాను. నా అనుమానం వేరే దారిలో వచ్చింది.

ఒకరోజు పొద్దున నేను చాయ తాగుతుంటే వాడు వచ్చి గడప మీద కూర్చున్నాడు. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, అసలు సంగతి అడిగాడు.

"మామా, శనివారం శనివారం చెర్వు కట్ట మీది లైట్లు జర రెండు గంటలు బందు పెడతవా? ఎలుగు ఉంటె పురుగులు బయటికొస్తలెవ్వు."

నా సర్వీసులో ఎంతమంది నన్ను వెలుగు కోసం బతిమాలారో చెప్పలేను. పెళ్ళిళ్ళకు, చావులకు, పరీక్షలకు, కాన్పులకు అర్ధరాత్రి తలుపు తట్టారు. చీకటి కావాలని అడిగినవాడు వీడొక్కడే. చూద్దాంలే అని పంపించేశాను గానీ, గొంతులో చాయ చేదుగా దిగింది.

కారణం ఉంది. ఆ నెలలోనే కాలువ పక్క పొలాల్లో రెండు ట్రాన్స్‌ఫార్మర్లు పోయాయి. కిందికి దించి, ఆయిల్ నేలమీద పారబోసి, లోపలి రాగి తీగ చుట్టలు ఎత్తుకుపోయారు. నారుమళ్ళు ఎండిపోతుంటే రైతులు నెత్తి కొట్టుకున్నారు. ఎప్పుడూ కరెంటు ఉండే లైను అది. దానిమీద చెయ్యి వేయాలంటే ముందు స్తంభం దగ్గర స్విచ్ పిడి లాగి లైను ఆపాలి. అది తెలిసినవాడి పనే అని అందరికీ అర్థమైంది. మా ఇంజనీరు సారు నన్ను ఆఫీసుకు పిలిచి, నీ ఊళ్ళో ఆ పిడి లాగడం తెలిసినవాళ్ళు ఎంతమంది అని నెమ్మదిగానే అడిగాడు. నేనొక్కణ్ణే సార్ అన్నాను. అన్నాక, ఇంటికొచ్చే దారిపొడుగునా రెండోవాడి ముఖం కళ్ళముందే కదిలింది.

ఆ తర్వాత వాణ్ణి నేను చూసే చూపే మారిపోయింది. వాడు నవ్వితే ఎందుకు నవ్వాడా అనిపించేది, నవ్వకపోతే ఏం దాస్తున్నాడా అనిపించేది. పదిహేను సైకిళ్ళకు పెట్టుబడి ఎక్కడిదని అక్కను డొంకతిరుగుడుగా అడిగాను. టార్చిలైట్లకు ఎర్ర కాగితం చుట్టి రబ్బరు వేస్తున్నాడని మా ఆవిడ చెబితే, అదేదో సైగల కోసమే అనుకున్నాను. ఎర్ర వెలుగుకు పురుగులు బెదరవట, ఆ మాట వాడు చెప్పాడు కూడా. నాకు నమ్మబుద్ధి కాలేదు. శనివారం మధ్యాహ్నం ముగ్గురు రైతులు మా ఇంటికొచ్చి, ఏమన్నా తెలిసిందా అని అడిగితే, నేను వాడి పేరు చెప్పలేదు. వరస చెప్పాను. మా అల్లుడు చీకటి అడుగుతున్నడు, జర ఓ కన్నేసి ఉంచుండ్రి అన్నాను. ఆ ఒక్క మాటే. వాళ్ళు తలలూపి వెళ్ళిపోయారు.

అదే సాయంత్రం వాడికి కబురు పెట్టాను, లైట్లు ఆపుతాను, నేనూ వస్తానని. వాడు నిజంగా సంబరపడ్డాడు. ఉన్నవాటిలో మంచి సైకిల్ తుడిచి, సీటు దించి నాకు పెట్టాడు. వచ్చినవాళ్ళు పన్నెండు మంది, వాడూ నేనూ కలిపి పద్నాలుగు. ఎవరి భుజాన ఏ సంచి ఉందో, ఏది బరువుగా వేలాడుతుందో చూసుకుంటూ నేను వరుసలో చివర తొక్కాను. వానకు తడిసిన గట్టు, రెండు పక్కలా కొత్తగా దున్నిన మట్టి వాసన, ముందు వెళ్ళే పిల్లలు ఏదో పాట అందుకున్నారు. వాడు మధ్యమధ్య వెనక్కి తిరిగి, మామా పైలం, గుంత ఉన్నది అని కేకేసేవాడు.

సగం దారిలో ఒకమ్మాయి సైకిల్ చైను ఊడింది. వాడు పనిముట్ల సంచి విప్పి, చైను ఎక్కించి, నల్లటి గుడ్డతో చేతులు తుడుచుకుని, గుడ్డను సంచిమీద పడేసి, ఆ అమ్మాయిని ఎక్కించడానికి ముందుకు నడిచాడు. నేను వంగి ఆ గుడ్డ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చైను ఆయిల్ వాసన వేరు, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ వాసన వేరు, నాలాంటివాడు కళ్ళు మూసుకుని చెప్పగలడు. అది మామూలు చైను ఆయిలే. తలెత్తేసరికి వాడు సైకిల్ హ్యాండిల్ పట్టుకుని నన్నే చూస్తున్నాడు. వచ్చి నా చేతిలోంచి గుడ్డ తీసుకుని, మడిచి సంచిలో పెట్టుకున్నాడు. అక్కణ్ణుంచి కట్టదాకా ఒక్కసారి కూడా పైలం అనలేదు.

కట్ట మీది డబ్బాలో ఫ్యూజు నా చేత్తోనే పీకాను. పుట్టిలో అందరూ పట్టరు కాబట్టి రెండు విడతలుగా వెళ్ళాలి. నేను రెండో విడతలో, పుట్టి నడిపే ముసలాయన మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్నాను. ముసలాయన తెడ్డు వేస్తుంటే నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. నడినీళ్ళలోకి వచ్చాక వెనక్కి తిరిగి చీకటి కట్ట వైపు చూశాను. లైట్లు ఆపింది నేనే, ఇప్పుడు ఒడ్డున లేనిదీ నేనే. ఇదంతా నన్ను నీళ్ళ మీదికి తేవడానికే అల్లిన ఉపాయమైతే? దిబ్బ ఎక్కీ ఎక్కగానే తలలు లెక్కపెట్టాను. పదమూడే వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను. నన్ను నేను వదిలేసుకున్నానని మూడోసారికి తెలిసింది. చుట్టూ అందరూ గుసగుసగా అబ్బా అంటున్నారు, ఎవరో ఆడమనిషి ముక్కు ఎగపీలుస్తోంది. నేను మేనల్లుడి వీపు మీది నుంచి చూపు తిప్పలేదు. తిరుగు ప్రయాణంలో ముసలాయన రుమాలు మీద చిన్న నిప్పు కనిపిస్తే, బీడీ కాల్చొద్దని అందరికీ చెప్పి నువ్వే కాలుస్తున్నావా అని కసిరాను. అది నిప్పు కాదు, పురుగు.

తెల్లారేసరికి మూడో ట్రాన్స్‌ఫార్మర్ పోయిందని కబురు. అలుగు అవతలి పొలాల్లో. రాత్రి ఏడున్నరకు మోటర్లన్నీ ఒక్కసారే ఆగిపోయాయట, రైతులు మామూలు కోత అనుకుని ఊరుకున్నారట. కట్ట మీది లైట్లు ఆగి ఉన్న వేళా అదే. నేను అక్క ఇంటికి చేరేసరికి వాకిట్లో పాతికమంది ఉన్నారు. గోడకు ఆనించిన సైకిళ్ళను ఒక్కొక్కటే రోడ్డు మీదికి ఈడ్చి పడేస్తున్నారు. అక్క రెండు చేతులూ చాపి దర్వాజకు అడ్డంగా నిలబడి ఉంది, కొంగు జారిపోయినా చూసుకోవడం లేదు. మేనల్లుడు మాత్రం వేపచెట్టు కింద కదలకుండా నిలబడి, నన్ను చూడగానే అన్నాడు.

"ఏడున్నరకు నేనెక్కడున్ననో మామనే అడుగుండ్రి."

అందరూ నావైపు తిరిగారు. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట చెబితే, లైట్లు ఎవరు ఆపారు, ఎవరి అనుమతితో ఆపారు, డ్యూటీలో ఉండాల్సినవాడు పుట్టిలో ఎందుకున్నాడు అన్న ప్రశ్నలు నా వెంటే వస్తాయి. రెండేళ్ళలో పెన్షన్. "ఎంక్వైరీ అయినంక అన్ని తెలుస్తయి తియ్యి" అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చిందని ఇప్పటికీ నమ్మాలనిపించదు. మూలన ఎవరో ఒక సైకిల్ ఎత్తి నేలకు కొట్టారు.

వల భుజాన వేసుకుని అటుగా పోతున్న పుట్టి ముసలాయన ఆగి, సంగతి అడిగి తెలుసుకుని, జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఏడున్నరకా? ఏడున్నరకు ఈ పోరడు నా ఎదురుంగ దిబ్బ మీదున్నడు. గీ లైన్‌మన్ సారు గూడ ఆన్నే ఉన్నడు. పోయేటప్పుడు ఆయన మోకాలు నా మోకాలుకు తాకవట్టె. ఇంకేం ఎంక్వైరీ?"

జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నిన్న మా ఇంటికొచ్చిన ముగ్గురిలో ఒకాయన పోతూపోతూ, చెప్పింది నువ్వే గదా సారూ అన్నాడు, అక్కకు వినబడేలా. అక్క చేతులు దించింది. నావైపు చూడకుండా లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. మేనల్లుడు వంగిన చక్రాన్ని విప్పి ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో చువ్వనూ బిగిస్తున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. తలెత్తకుండానే అన్నాడు.

"గుడ్డ వాసన జూస్తివి గదా మామా. ఆ వాసన నేర్పిచ్చింది నువ్వే. నాకు ఆన్నే సమజైంది."

వారం తర్వాత ధైర్యం చేసి ఇంజనీరు సారు దగ్గర లైట్లు ఆపిన సంగతి ఒప్పుకున్నాను. ఆయన గట్టిగా నాలుగు తిట్టి, ఇంకోసారి చెయ్యకు పో అన్నాడు. అంతే. నేను భయపడ్డది అంతా కలిపి అంతే. వానాకాలం దాటకముందే అసలు దొంగలు దొరికారు, ఎక్కడో వేరే జిల్లా నుంచి ఆటోలో వచ్చిన ముగ్గురు. వాళ్ళలో ఒకడు లైన్ల పని చేసి మానేసినవాడు.

మేనల్లుడు ఆ ఏడు ఇంకో రెండు శనివారాలు నడిపాడు. లైట్లు ఆపమని నన్ను అడగలేదు. నేనే వెళ్ళి ఆపుతానంటే, వద్దులే మామా అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ వెలుగులో వచ్చినవాళ్ళకు ఏం కనిపించిందో తెలియదు. మరుసటి ఏడు సైకిళ్ళన్నీ వ్యానులో వేసుకుని కోస్గి వెళ్ళి రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. పెళ్ళయింది, బాగానే ఉన్నాడు. గొడవ జరిగిన ఏడు శ్రావణంలో అక్క రాఖీ కట్టడానికి వచ్చింది. కట్టి, బొట్టు పెట్టి, మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళు ముట్టకుండా లేచి వెళ్ళింది. అలా మూడు రాఖీలు గడిచాయి. నాలుగో ఏడు చాయ తాగింది. దానికి నేను ఎంత పొంగిపోయానో తోడబుట్టినవాళ్ళు ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

ఇప్పుడు మా చెరువు కట్ట వెడల్పయింది, కూర్చోవడానికి బల్లలు వేశారు, పొద్దుగూకగానే వాటంతట అవే వెలిగే తెల్లటి లైట్లు వచ్చాయి. ఫ్యూజు పీకే పని ఎవరికీ లేదు, పీకమని అడిగేవాళ్ళూ లేరు. ముసలాయన పోయాక పుట్టి కూడా మూలబడింది. పోయిన మిరుగుకు నేను ఒక్కణ్ణే కట్ట మీదికి వెళ్ళి, ఆ తెల్లటి వెలుగులో దిబ్బ వైపు చూస్తూ గంటసేపు నిలబడ్డాను. చెట్లు చెట్లలాగే ఉన్నాయి. ఆ సాయంత్రం మాతో వచ్చినవాళ్ళు ఈపాటికి ఎక్కడెక్కడ ఉన్నారో గానీ, చెట్టు చెట్టంతా ఎలా వెలిగిందో వాళ్ళు తమవాళ్ళకు చెప్పుకుంటూనే ఉంటారు. నన్నెవరైనా అడిగితే, ఎంతమంది ఉన్నారో చెప్పగలను, ఎవరి భుజాన ఏ రంగు సంచి ఉందో చెప్పగలను. మిణుగురులు ఎలా ఉన్నాయో మాత్రం చెప్పలేను. నేను చూడలేదు.