తేటనీళ్ళ రాజుగారు

భీమవరంలో రొయ్యల చెరువులున్న సాంబశివరాజుగారు అండమాన్ సముద్రంలో వారంపాటు పడవలోనే మకాం పెట్టి, స్కూబా డైవింగ్ చేసి వచ్చారు. అప్పట్నుంచి ఆ లావుపాటి డైవింగ్ వాచీని స్నానానికి కూడా తీయరు. సరే అనడానికి నోరు వాడరు, నీళ్ళలో డైవర్లు చేసినట్టు బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపిస్తారు. నిన్న క్లబ్బులో పేకాట ఆపించి మరీ అందరికీ ఫోన్లో పగడాల వీడియో పెట్టారు.

"తెల్లబడి చచ్చిపోతున్నాయండి. మాస్కులోనే ఏడ్చేశాను" అంటూ కళ్ళు తుడుచుకున్నారు. అంతలో చెరువు గుమస్తా ఫోన్ చేశాడు.

"రొయ్యకి తెల్లమచ్చ తెగులు తగిలిందండి. చెరువులో నీళ్ళేం చేయమంటారండి?"

"కాలవలోకి వదిలేయ్."

"కింద ఊళ్ళవాళ్ళు తాగే కాలవండి."

"మరగబెట్టుకుంటార్లే."

ఫోన్ పెట్టేసి, మళ్ళీ వీడియో నొక్కారు. "అక్కడి నీళ్ళు ఎంత తేటగా ఉంటాయనుకున్నారు" అన్నారు.