దాచిపెట్టిన బూట్లు

కూర్చో చిట్టీ, ఆ ఫోను పక్కన పెట్టి సరిగ్గా విను. మీ కాలేజీ పిల్లలంతా చర్ల అడవిలో నడవడానికి పోతున్నారు, ఏ బూట్లు కొనాలి అని అడిగావు కదా. నేను చెప్పినట్టే రాసి అందరికీ పంపు. నేను పడ్డ కష్టం ఒకరికైనా పనికిరావాలి.

నేను ఆ దారిన పోయింది మొన్న వానాకాలం చివర్లో, ముత్తమ్మ కోసం. ముత్తమ్మ మన గనుల దవాఖానాలో ఆయాగా చేసింది. మీ అమ్మ పుట్టింది ఆమె చేతుల్లోనే. కాన్పుకు ఎవరు వచ్చినా ముందు వాళ్ళ కాళ్ళు చూసేది. పాదం మీద బొటనవేలితో నొక్కి, సొట్ట పడితే నీరు పట్టిందని డాక్టరమ్మకు చెప్పేది. రిటైరయ్యాక చర్ల అవతల తన ఊరికి వెళ్ళిపోయింది. ఒక్కసారి రమ్మని ఏటా ఫోన్ చేసేది. తీరిక చూసుకుని వస్తానని నేనూ ఏటా చెప్పేదాన్ని.

ఆ రోజు ఆమె కొడుకు జోగయ్య ఫోన్ చేశాడు. "అమ్మ అన్నం తింటలేదు చిన్నమ్మా. మాట పడిపోకముందే నిన్ను చూడాలంటున్నది" అన్నాడు.

వెంటనే సంచి సర్దాను. ఆటో ఆగిపోయే చోటు నుంచి ఐదు కిలోమీటర్లు నడవాలి, మధ్యలో రెండు వాగులు. నా చెప్పులు ఆగవు. అప్పుడు బీరువా మీది అట్టపెట్టె గుర్తొచ్చింది. గనిలో చేసేవాళ్ళకు డ్యూటీ బూట్లు ఇస్తారు కదా, మన క్వార్టర్లలో కొత్త జత వచ్చిందంటే ఎవరూ తొడిగేవాళ్ళు కాదు. పాతవాటికే కుట్లు వేయించుకుని కొత్తవి దాచేవాళ్ళు. మీ తాతయ్య ఆఖరి జత అట్లా దాచిందే. పదకొండేళ్ళయింది. ఆయన పోయాక కలరా ఉండలు మారుస్తూ నేను కాపాడుకొచ్చాను. తోలు ఇంకా మెరుస్తోంది. బొగ్గులో ఆగే బూటు అడవిలో ఆగదా అనుకున్నాను. పొడవు ఎక్కువైతే ముందు గుడ్డ కుక్కి, రెండు జతల మేజోళ్ళు వేసుకున్నాను.

సత్తుపల్లిలో తెల్లవారి ఐదింటికి బస్సు. పాల్వంచ దాటాక, పక్క సీటులో ఉన్నావిడ నా కాళ్ళ వైపే చూస్తోంది. భద్రాచలంలో ఆమెకు చెప్పుల దుకాణం ఉందట.

"ఏ గనిల డ్యూటీ పెద్దమ్మా?" అంది.

నాకూ నవ్వొచ్చింది. ఆమె వంగి బూటు కొన మీద వేలితో కొట్టి చూసింది. "లోపల ఇనుపరేకు ఉన్నది. బండ పడితే వేళ్ళు కాచేటందుకు గిది. నడిచేటందుకు గాదు. ఎన్నేండ్లది?"

"పదకొండు. ఒక్కసారి కూడా తొడగలేదు."

"గదే భయం. తొడగని బూటు అడుగు లోలోపల చీకిపోతది. దుకాణానికి రా, జల్దీ వేరే జత చూపిస్త."

అమ్ముకునేవాళ్ళు అట్లాగే అంటారు అనుకున్నాను. పైగా చర్ల బస్సు తప్పిపోతుందని భయం. బూర్గంపాడు దాటి గోదావరి వంతెన మీద ఆవిడ ఇంకోసారి పిలిచింది. నేను కిటికీలోంచి నీళ్ళు చూస్తూ కూర్చున్నాను.

తొమ్మిదింటికి చర్ల బస్సు. పొట్లం కట్టుకున్న పులిహోర అందులోనే తిన్నాను. పదకొండు దాటాక చర్లలో దిగి ఆటో ఎక్కాను. పోలీసు క్యాంపు దగ్గర పేరు రాసుకుని వదిలారు. పన్నెండుంపావుకు రోడ్డు చివర జోగయ్య కనిపించాడు.

"పొద్దుగాల మంచిగనే మాట్లాడింది చిన్నమ్మా. వచ్చిందా, వచ్చిందా అని మూడుసార్లు అడిగింది. గంటన్నరల పోతం."

మొదటి వాగు మోకాలి లోతు. బూట్లలోకి నీళ్ళు వచ్చాయి, పోలేదు. ఇది రాసుకో, నీళ్ళు లోపలికి రాని బూటు అని మురిసిపోవద్దు, వచ్చిన నీళ్ళు పోయే దారి ఉందో లేదో చూడాలి. ఒక్కో కాలికి బిందె కట్టినట్టుంది. రెండో వాగు ముందు బురదలో కాలు లాగితే బూటు పైకి వచ్చింది, అడుగు బురదలోనే ఉండిపోయింది. చేత్తో తీస్తే పాత బెల్లంలా పొడిపొడిగా రాలింది. రెండో బూటు అడుగు ఊడకుండా జోగయ్య తన తువ్వాలు కట్టాడు. నలభై అడుగులు పడలేదు, అదీ ఊడింది.

జోగయ్య తన రబ్బరు చెప్పులు విప్పి నా ముందు పెట్టాడు. "తొడుగు. నా కాళ్ళకు ఈ తొవ్వ ఎరికే."

అవి నాకు పడవలు. తడి మేజోళ్ళతో మడమలు అప్పటికే బొబ్బలెక్కాయి. నేను నాలుగు అడుగులు వేసి నిలబడితే అతను ఎండ వైపు చూసేవాడు. గంటన్నర దారి మూడు గంటలకు పైగా పట్టింది.

గడపలోనే కోడలు ఎదురొచ్చింది. "రెండింటిదాకా మాట్లాడింది అత్తమ్మ. ఇగ మాట్లాడుతలేదు."

రెండింటికి. మంచి బూట్లుంటే నేను అప్పటికి అక్కడ ఉండేదాన్ని.

ముత్తమ్మ మంచం మీద కళ్ళు తెరిచే ఉంది. పేరు చెప్పాను, ఆలస్యమైందని చెప్పాను. పెదవి కదల్లేదు. ఆమె పక్కనే మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆమె చెయ్యి మెల్లగా పాకి నా పాదం దొరకబుచ్చుకుంది. బొటనవేలితో నొక్కి, వేలు తీసి చూసింది. సొట్ట పడింది. మళ్ళీ ఆ వేలు అక్కడే పెట్టి, ఇక తియ్యలేదు. నేను కాలు కదపలేదు. మర్నాడు తెల్లవారాక పోయింది.

మట్టి చేసిన మర్నాడు బయలుదేరాను. సాయంత్రం భద్రాచలంలో, బస్సులో కలిసినావిడ దుకాణం వెతుక్కుంటూ పోయాను. జోగయ్య చెప్పులు వేసుకున్న నా కాళ్ళు చూసి స్టూలు జరిపింది.

"పొద్దుమూకినంక వచ్చినవ్, మంచిగైంది. పాదం ఉబ్బినంకనే అసలు కొలత" అంది.

ఆమె చెప్పినవి వరుసగా రాసుకో. వేళ్ళ ముందు బొటనవేలంత జాగా ఉండాలి, మడమ మాత్రం లేవకూడదు. బూటు వేళ్ళ దగ్గర వంగాలి, నడుమ వంగకూడదు. బురదలో జారకుండా అడుగున గాడులు లోతుగా ఉండాలి. కొన్నాక పదిహేను రోజులు ఇంట్లో తొడిగి తిరగాలి. దాచకూడదు. ఆ చివరి మాట ఆమె రెండుసార్లు చెప్పింది.

కొత్తవి తొడుక్కునే బస్సెక్కాను. వంతెన మీద లారీలు అడ్డమొచ్చి బస్సు ఆగింది. ఎడమ బూటు విప్పి పాదం చూసుకున్నాను. సొట్ట పూడిపోయింది. ముత్తమ్మ నొక్కిన చోటు ఏదో కూడా తెలియడం లేదు, కానీ నాకు మాత్రం ఆ వేలు ఇంకా—

"అమ్మా, అన్నం పెట్టాను. చల్లారిపోతోంది, రా."

వస్తున్నానే. చిట్టీ, లే, మీ అమ్మ పిలుస్తోంది.