మా పేట బోర్డూ, కూలీలు తవ్విన నుయ్యీ

బర్మాలో పజుండౌంగ్ వాగు ఒడ్డున ఉన్న మా పేటకు చరిత్ర రాస్తున్నామని పేట సంఘం పెద్ద ఒకరోజు మా ఇంటికి వచ్చాడు. "మీది పాత కుటుంబం. తెలిసింది రాసివ్వండి. పేటలో ఉన్న సౌకర్యాలతో కలిపి సందు మొదట్లో బోర్డు పెడతాం" అన్నాడు. నేను ఓడల కంపెనీలో గుమాస్తాను, బర్మీస్‌లో బాగానే రాస్తాను. మా ఇంట్లోనే ఉండే పిన్నిని అడిగి అడిగి రెండు పేజీలు నింపి ఇచ్చాను. ఎంతో మర్యాదగా తీసుకున్నాడు.

బోర్డు పెట్టిన రోజు ఆఫీసుకు వెళుతూ ఆగి చదివాను. "ఈ స్థలం ఒకప్పుడు మనుషులు లేని చిత్తడి నేల" అని మొదలైంది. తరువాత గ్రంథాలయం, వైద్యశాల, బస్సు స్టాపు, నుయ్యి. నుయ్యి పక్కన ఒక వ్యాపారి పేరు. ఆయన ఈ మధ్య దానికి మోటారు కొనిచ్చాడు, గట్టుకు రంగు వేయించాడు. చదివినవాళ్ళు నుయ్యి కూడా ఆయనే తవ్వించాడనుకుంటారు. నా రెండు పేజీల్లోంచి ఒక్క ముక్క కూడా లేదు.

ఆ నుయ్యి తవ్వింది మా తాతా, ఆయనతో బియ్యం మిల్లులో బస్తాలు మోసినవాళ్ళూ. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. అప్పట్లో అందరూ వాగు నీళ్ళే తాగేవారు. ఒక వానాకాలం వాంతులూ విరేచనాలూ పట్టుకుని కూలీలుండే వరస ఇళ్ళలో చాలామంది పోయారు. అందులో తాత కొడుకు, అంటే మా పిన్ని అన్న, ఒకడు. ఆ వానలు తగ్గగానే తాత మిల్లు నుంచి వచ్చి, అన్నమైనా తినకుండా పార పట్టుకునేవాడట. ఆరేళ్ల పిన్ని చిన్న గంపతో మట్టి మోసింది. ఇప్పుడు రోజులో సగం కరెంటు ఉండదు, వ్యాపారి మోటారు తిరగదు. పేటంతా బాల్చీలు పట్టుకుని ఆ నూతి దగ్గరే వరస కడుతుంది, తోడుకుంటుంది.

సాయంత్రం పిన్నికి చెప్పాను. బర్మీస్ ధారాళంగా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు.

"మనోల గురించి ఏటి రాసినారు?" అంది.

"ఏమీ రాయలేదు పిన్నీ."

"రేపు నన్ను తీసుకెల్లు" అంది.

సంఘం పెద్ద కుర్చీ చూపించి, "కూర్చోండి అడో" అన్నాడు. పెద్దవయసు ఆడవాళ్ళను బర్మీయులు పిలిచే పిలుపు అది. బోర్డు మీద చోటు చాలలేదన్నాడు. దాత పేరు తప్పదన్నాడు. ఆఖరికి, "కూలీలు తవ్వారనడానికి కాగితం ఏదైనా ఉందా?" అన్నాడు.

"కాగితం లేదు. నేనున్నాను, మట్టి మోశాను. మా అన్న చచ్చిపోతే తవ్వారు ఆ నుయ్యి" అంది పిన్ని బర్మీస్‌లో. గొంతు పెంచలేదు. నేను పక్కన నోరు మూసుకుని కూర్చున్నాను. ఆయనతో రేపు ఏదో పని పడుతుందేమోనన్న భయం. దానికి నామీద నాకే ఇప్పటికీ అసహ్యం.

మర్నాటి నుంచి పిన్ని రోజూ పొద్దున్నే నూతి దగ్గర నిలబడి, వరసలో ఉన్నవాళ్ళకు ఆ సంగతే చెప్పేది. విసుక్కున్నవాళ్ళున్నారు. కానీ ఎదురింటి బర్మీ ఆవిడ, సైకిల్ రిక్షా తొక్కేవాళ్ళు ఇద్దరు, మేం అడక్కుండానే సంఘానికి వెళ్ళి, తవ్వినవాళ్ళ సంగతి కూడా రాయమని అడిగారు. వారం తిరక్కుండా బోర్డు కింద రేకు ముక్క ఒకటి వచ్చింది.

"సదువు" అంది పిన్ని.

నుయ్యి తవ్వింది "కలా కూలీలు" అని ఉంది. కలా అంటే భారతీయుల్ని తక్కువ చేసి పిలిచే మాట. బడికి వెళ్ళే రోజుల్లో నా వెనకాలే వచ్చిన మాట. చదివాను.

పిన్ని రేకు కేసి చూస్తూ, "తీయించు. ఇలగైతే మనకి ఒద్దు" అంది.

ఈసారి నేనొక్కడినే వెళ్ళాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"అందరూ అనే మాటే కదా" అన్నాడు ఆయన.

"నన్ను ఎవరు ఆ మాటన్నా ఊరుకున్నాను. మా తాతను అలా రాస్తే ఊరుకోను. మీ తాతను ఎవరైనా అలాంటి మాటతో వీధిలో రాస్తే మీరు ఊరుకుంటారా సయా?" అన్నాను. అయ్యా అనే ఆ మర్యాద పిలుపు మాత్రం వదల్లేదు.

ఆయన బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. నేను కదలలేదు. చివరికి తెల్లకాగితం నా ముందుకు తోసి, ఏం రాయాలో రాయమన్నాడు. "బియ్యం మిల్లుల్లో పనిచేసిన తెలుగువాళ్ళు ఈ నుయ్యి తవ్వారు" అని రాశాను. దాని కింద ఆయన చేత సంతకం పెట్టించుకున్నాకే బయటికి వచ్చాను.

పదిరోజులకు రేకు మార్చారు. పిన్ని రెండుసార్లు చదివించుకుంది.

"అచ్చరాలు సిన్నయి" అంది.

నిజమే. వ్యాపారి పేరు వీధి చివర్నుంచి కనిపిస్తుంది, మావాళ్ళ కోసం వంగి చూడాలి. సంఘం పెద్ద దారిలో నవ్వుతూ పలకరిస్తాడు. నాకింకా నవ్వు రావడం లేదు. పెద్ద అక్షరాల కోసం మళ్ళీ ఒక ఉత్తరం రాస్తున్నాను.